ఐదు తూటాల తుపాకీ – దగ్గరి దెబ్బ లెక్క



వీడియో గేమ్ అంటే చదువుకు శత్రువని పెద్దలు అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే ఆట లోపల నడిచేది మన పదో తరగతి లెక్కలేనని తెలిస్తే ఆటనూ, లెక్కలనూ మనం చూసే తీరు మారుతుంది. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో కాల్పుల ఆటల్లోని ఒక కిటుకు గురించి రాస్తున్నాను.

జపాన్‌కు చెందిన కొనామి సంస్థ 1987లో 'కాంట్రా' అనే ఆటను విడుదల చేసింది. టీవీకి తగిలించుకొనే క్యాసెట్ గేమ్‌ల రోజుల్లో మన పట్టణాల పిల్లలు కూడా దీన్ని బాగా ఆడారు. అందులోని 'ఎస్' గుర్తు మన సీనియర్లలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఆ గుర్తు అందుకుంటే ఒక్క నొక్కుకు ఐదు తూటాలు విసనకర్రలా విచ్చుకొని వెళ్తాయి. కానీ ఒక్క దెబ్బ తగిలితే చాలు, ప్రాణంతోపాటు ఆ తుపాకీ కూడా పోతుంది. అందుకని చాలామంది శత్రువుకు దూరంగా తెర చివర నిలబడి కాలుస్తారు. అక్కడ ఆ తుపాకీ బలం చాలావరకు వృథా అవుతుంది.

కారణం సులువే. రాత్రిపూట కొబ్బరి తోటలో దగ్గరి చెట్టు మీద టార్చిలైటు వేస్తే వెలుగంతా మాను మీదే పడుతుంది. తోట చివరి చెట్టు మీద వేస్తే వెలుగు విచ్చుకొని, చాలా భాగం మాను పక్కల నుంచి పోతుంది. తూటాల సంగతీ అంతే.

ఇప్పుడు లెక్క వేద్దాం. పక్కపక్క తూటాల మధ్య కోణం 10 డిగ్రీలనీ, శత్రువు వెడల్పు 4 సెంటీమీటర్లనీ అనుకుందాం. మధ్య తూటా నేరుగా శత్రువు నడిమికి పోతుంది. తూటా పక్కకు జరిగే దూరం ఎదుటి భుజం, మనకూ శత్రువుకూ మధ్య దూరం ఆసన్న భుజం. టాన్ 10 విలువ సుమారు 0.176, టాన్ 20 విలువ సుమారు 0.364. దూరం 5 సెంటీమీటర్లయితే చివరి తూటాలు 1.8 సెంటీమీటర్లే పక్కకు జరుగుతాయి. కనుక ఐదూ తగులుతాయి. దూరం 10 అయితే మూడే తగులుతాయి. 20 అయితే మధ్య తూటా ఒక్కటే తగులుతుంది. తుపాకీ అదే, నొక్కూ అదే. దెబ్బ మాత్రం ఐదు రెట్లు తేడా!

దగ్గరగా ఉంటే ఇంకో లాభం ఉంది. తొలినాటి ఆటల్లో చాలావాటిలో మన తూటాలు తెరపై ఒకేసారి ఎన్ని ఉండవచ్చో పరిమితి ఉండేది. టైటో సంస్థ 1978లో తెచ్చిన 'స్పేస్ ఇన్వేడర్స్'లో ఒకటే. నామ్కో సంస్థ 1981లో తెచ్చిన 'గలాగా'లో ఒక విమానానికి రెండు. ముందు కాల్చినది తగిలితేనో, తెర దాటితేనో తరువాతిది వస్తుంది. తూటా తెర దాటడానికి ఒక సెకను పడుతుందనుకోండి. శత్రువు అందులో నాలుగో వంతు దూరంలో ఉంటే సెకనుకు ఒకటి బదులు నాలుగు కాల్చవచ్చు.

మరి ఎప్పుడూ దగ్గరికే పోవాలా? అక్కరలేదు. దూరం సగమైతే శత్రువు తూటా మనల్ని చేరే సమయం కూడా సగమే అవుతుంది. మన దిండి దగ్గర వశిష్ఠ గోదావరిలో విసురు వల వేసేవారు చెదిరి ఉన్న చిన్న చేపల మీదికి వలను వెడల్పుగా విప్పుతారు. అలాగే చిన్న శత్రువులు గుంపుగా వస్తున్నప్పుడు దూరం నుంచే కాల్చాలి. అప్పుడు ఒక్కొక్క తూటా ఒక్కొక్కరికి తగులుతుంది. పెద్ద శత్రువు ఒక్కడే మిగిలినప్పుడు ముందు అతని కాల్పుల వరుస గమనించాలి. రెండు కాల్పుల మధ్య విరామంలో దగ్గరికి వెళ్ళి కాల్చి, మళ్ళీ వెనక్కి రావాలి. వెనక్కి వచ్చే దారి చూసుకోకుండా ముందుకు పోవడం ధైర్యం కాదు, తొందరపాటు.

మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ణి నేనే. త్రికోణమితి ఎందుకు పనికొస్తుందని అడిగితే చెప్పేవారు ఇంట్లో ఎవరూ లేరు. మీలో చాలామంది పరిస్థితి కూడా ఇదేనని నాకు తెలుసు. ఎందుకో తెలియని లెక్కలు బరువనిపిస్తాయి, ఆ బరువుతోనే చదువు మానేసేవారున్నారు. 'స్పేస్ ఇన్వేడర్స్'ను రూపొందించిన తొమొహిరో నిషికాదో కూడా తూటా ఎటు పోవాలో, ఎప్పుడు ఆగాలో అంకెల్లోనే రాశారు. ఆ అంకెలు మన పాఠ్యపుస్తకంలో ఉన్నవే.

ఈసారి ఫోనులో ఇలాంటి ఆట ఆడినప్పుడు ఆ తరువాత కంపాస్ పెట్టె తెరవండి. కోణమానినితో ఐదు గీతలు గీయండి. కోణం 10 బదులు 5 డిగ్రీలైతే, 20 సెంటీమీటర్ల దూరంలో ఎన్ని తూటాలు తగులుతాయో మీరే లెక్క వేయండి. జవాబు వచ్చినవారు పక్కవారికి నేర్పండి.