కళ్ళం: మన పెద్దలు నడిచిన నేల

"కళ్ళం" అనే మాట మీరు విన్నారా? మా తరగతిలో పిల్లలు దీన్ని చూసి "కళ్ళు" అని చదువుతారు. కొందరు "కళ్ళెం" అంటారు. కళ్ళు ముఖంలో ఉంటాయి, కళ్ళెం గుర్రానికి వేస్తారు. కళ్ళం పొలం దగ్గర ఉంటుంది. కోసిన వరిని నూర్చే చోటే కళ్ళం. నూర్చడం అంటే గడ్డి నుంచి గింజను వేరు చేయడం. మీ పక్కింటి తమిళులు దీన్ని "కళం" అంటారు. భోజ్‌పురి మాట్లాడే పెద్దవాళ్ళను అడిగి చూడండి, "ఖరిహాన్" అంటారు.

చలి దేశాల్లో వానకు, మంచుకు భయపడి నూర్పిడి కోసం పెద్ద కొట్టాలు కట్టుకున్నారు. తెలుగు నేలలో కళ్ళానికి గోడ లేదు, కప్పు లేదు. ఉన్నది నేల ఒక్కటే. "మరి కట్టడానికి ఏముంది?" అని మీరు అడగవచ్చు. చాలా ఉంది.

ముందు చోటు చూసుకోవాలి. నీరు నిలవని మెరక కావాలి, గాలి బాగా తగలాలి. పారతో గడ్డి చెక్కి, నేల చదును చేసి, నీళ్ళు చల్లుతారు. తడి నేలను దిమ్మిసతో గట్టిగా కొడతారు. దిమ్మిస అంటే నేలను అణిచే బరువైన కర్ర పనిముట్టు. తర్వాత ఆవుపేడ నీళ్ళలో కలిపి అలుకుతారు, ఎండనిస్తారు. పగుళ్ళు కనిపిస్తే మళ్ళీ అలుకుతారు. ఇదంతా ఎందుకు? పగుళ్ళలో పడిన గింజ మళ్ళీ చేతికి రాదు. మట్టి కలిసిన ధాన్యం పళ్ళెంలో అన్నమయ్యాక పంటి కింద రాయి అవుతుంది. కళ్ళంలోకి చెప్పులతో వెళ్ళరు. దేవుడి గదిలో కూడా మనం అంతే కదా!

కోస్తా జిల్లాల్లో పెద్ద పంట మార్గశిర మాసంలో, అంటే నవంబరు, డిసెంబరు నెలల్లో, కోతకు వస్తుంది. తుఫానులు వచ్చే కాలం కూడా అదే. అందుకే వెంటనే నూర్చరు. కోసిన వరిని పనలుగా ఆరబెట్టి, కట్టలు కట్టి, కుప్ప వేస్తారు. కంకులు లోపలికి, మొదళ్ళు బయటికి ఉండేలా పేరుస్తారు. వాన పడితే పైగడ్డి తడుస్తుంది, గింజ తడవదు. కప్పు లేదన్నాను కదా, కుప్పే ఆ పని చేస్తుంది.

వానలు వెళ్ళాక కుప్ప విప్పి కళ్ళంలో పరుస్తారు. కొన్నిచోట్ల నడుమ ఒక గుంజ పాతి, ఎడ్లను వరుసగా కట్టి దాని చుట్టూ తిప్పుతారు. గుంజ పక్కన ఉన్న ఎద్దు చిన్న అడుగులు వేస్తుంది. చివరి ఎద్దు పాపం చాలా దూరం నడవాలి. ధాన్యం తినకుండా ఎడ్ల మూతికి తాడుతో అల్లిన చిక్కం కడతారు. పనలను బల్ల మీదో బండ మీదో కొట్టి గింజ రాల్చడం ఇంకో పద్ధతి.

ఆ తర్వాత గాలి పని మొదలవుతుంది. మనిషి ఎత్తైన పీట మీద నిలబడి, చాటతో ధాన్యాన్ని పైనుంచి వదులుతాడు. బరువైన గింజ కిందనే పడుతుంది. తాలు, పొల్లు గాలికి దూరంగా పోతాయి. దీన్నే తూర్పారబట్టడం అంటారు. ఇప్పుడు తెలుగు పేపర్లలో "మంత్రిని తూర్పారబట్టారు" అని రాస్తారు, అంటే గట్టిగా విమర్శించారు అని. ఆ రాసేవాళ్ళలో ఎంతమంది చాట పట్టుకున్నారో!

మిగిలిన కుప్పను రాశి అంటారు. దాన్ని కుంచంతో కొలుస్తారు. నాలుగు కుంచాలు ఒక తూము, 20 తూములు ఒక పుట్టి. కొలిచేటప్పుడు "ఒకటి" అనరు, "లాభం" అంటారు. లాభం, రెండు, మూడు... అని లెక్క సాగుతుంది.

ఇక్కడ కొంచెం ఆగండి. ఈ ధాన్యం ఎవరిది? ముందు భూమి ఉన్నవాడిది. అందులోంచి శిస్తు కట్టాలి, అప్పు తీర్చాలి. వడ్రంగి, కమ్మరి, చాకలి, మంగలి కళ్ళం దగ్గరికే వచ్చి తమ వాటా తీసుకునేవారు. ఆ వాటాకు "మేర" అని పేరు. కోసినవాళ్ళకు, నూర్చినవాళ్ళకు కూలి కూడా గింజల్లోనే ముట్టేది. పంట పోతే కళ్ళం ఉండదు. కళ్ళం లేకపోతే భూమి లేనివాడికి ఆ ఏడు తిండే లేదు. 1833లో గుంటూరు సీమలో వచ్చిన కరువును "డొక్కల కరువు" అన్నారు. డొక్కలు అంటే పక్కటెముకలు. పేరే అంతా చెబుతోంది.

కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి మారిషస్‌కు ఓడలు ఎక్కినవాళ్ళలో భూమి లేనివాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ రేవు పేరుతోనే మనల్ని "కొరింగీలు" అన్నారు. ఓడ ఎక్కడానికి కరువు ఒక్కటే కారణం కాదు. కానీ కళ్ళంలో పనిచేసిన చేతులు ఇక్కడ చెరకు నరికాయని మాత్రం మరిచిపోకండి. ఇక్కడ బియ్యం ఎస్టేటు లెక్క ప్రకారం రేషనుగా వచ్చింది. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసేవారు. కళ్ళంలో పెత్తనం లేదని నేను అనను. అయినా అక్కడ కొలత పదిమంది ముందు జరిగేది. ఇక్కడి లెక్క దొర పుస్తకంలో ఉండేది.

ధాన్యం దాచే చోట్ల పేర్లు కూడా నేర్చుకోండి. వెదురు బద్దలతో అల్లి, మట్టీ పేడా మెత్తి, పైన గడ్డితో కప్పినది గాదె. ఎలుకలకు, తడికి దొరకకుండా దాన్ని రాళ్ళ మీద ఎత్తుగా నిలబెడతారు. ఇంట్లో ఉండి ఇంటినే తినేవాణ్ణి "గాదె కింద పందికొక్కు" అంటారు. గడ్డిని లావు తాడుగా పేని, చుట్టలు చుట్టలుగా పైకి పెంచుతూ లోపల ధాన్యం పోస్తే అది పురి. నేలలో తవ్విన గొయ్యి పాతర. "పాతరేశారు" అంటే పూడ్చిపెట్టారు అని అర్థం.

ఇప్పుడు అక్కడ కోత యంత్రాలు పొలంలోనే కోసి నూర్చేస్తున్నాయి. ధాన్యం ఆరబెట్టడానికి చోటు లేక చాలామంది రైతులు తారు రోడ్ల మీద పోస్తున్నారు. తెలంగాణలో ఉపాధి హామీ పథకం కింద పొలాల్లో సిమెంటు కళ్ళాలు కట్టారు. వాటికి పేడ అలకక్కర్లేదు, ఎడ్లూ అక్కర్లేదు. పేరు మాత్రం పాతదే.