లిప్‌త్సె: నవలలోని ఊరూ, నేలమీది ఊరూ

పోలెండు నడిమి మైదానంలో, స్కియెర్నియెవిత్సె జిల్లాలో లిప్‌త్సె రేమాంటోవ్‌స్కియె అనే ఊరు వుంది. చుట్టుపక్కల పల్లెలతో కలిపి అదే పేరుతో ఒక 'గ్మీనా' - అంటే కొన్ని గ్రామాల ఉమ్మడి స్థానిక పాలనా విభాగం - ఏర్పడింది. ఊరిపేరులోని రెండోమాట నవలాకారుడు వ్లాదిస్లావ్ రేమాంట్‌ది. వార్సా-వియన్నా రైలుమార్గంలో చిరుద్యోగిగా అతను ఈ పరిసరాల్లో పనిచేశాడు. 1904-1909 మధ్య నాలుగు భాగాలుగా వెలువడిన 'రైతులు' నవలకు ఈ ఊరినే రంగస్థలం చేసుకున్నాడు. 1924లో నోబెల్ బహుమతి వచ్చింది.

నేడు లిప్‌త్సెలో రేమాంట్ పేర మ్యూజియం వుంది. వోవిచ్ ప్రాంతపు చారల ఉన్నిబట్టలు కట్టి స్థానిక కళాబృందం 'బోరినా పెళ్లి'ని ప్రదర్శిస్తూ వచ్చింది. చూడముచ్చటైన వారసత్వమే, కాదనం. కాని నవలలో ఆ పెళ్లి ఒక భూమి బేరం. ముసలి మోతుబరి బోరినా, పడుచుపిల్ల యాగ్నా పేర 6 మోర్గులు, అంటే సుమారు 8 ఎకరాలు, రాసిస్తేనే పెళ్లి కుదిరింది. ఇంట్లో విందు సాగుతుండగా గుర్రపుశాలలో పాలేరు కూబా చచ్చిపోతాడు. దొర అడవిలో దొంగవేటకు వెళ్లి తుపాకిదెబ్బ తిన్నవాడు. కుళ్లిన కాలు తనే గొడ్డలితో నరుక్కున్నాడు. రేమాంట్ ఈ రెంటినీ పక్కపక్కన పెట్టడం యాదృచ్ఛికం కాదు.

అడవి తగాదాకు చరిత్ర వుంది. ఈ ప్రాంతం అప్పట్లో రష్యా ఏలుబడిలో వుండేది. 1863 తిరుగుబాటు తర్వాత, రైతుల్ని పోలిష్ ప్రభువర్గం నుంచి విడదీయడానికి జారు ప్రభుత్వం 1864లో వాళ్లు దున్నుతున్న భూమిని వాళ్లకే ఇచ్చింది. దొరల అడవుల్లో కట్టెలకూ పశువుల మేతకూ వున్న పాతహక్కులు మిగిలాయిగాని, వాటి పరిష్కారం తేలలేదు. దశాబ్దాలపాటు కలహాలకు అదే మూలం. నవలలో దొర అడవిని నరికిస్తే ఊరంతా ఒక్కటై కొట్లాటకు దిగుతుంది. మగవాళ్లు జైలుపాలైతే వసంతకాలపు సేద్యం ఆడవాళ్లమీద పడుతుంది.

అదే ఊరు చివరిభాగంలో యాగ్నాను పేడబండిమీద కట్టి పొలిమేర దాటిస్తుంది. గ్మీనా సొమ్ము కాజేసింది గ్మీనా పెద్ద. నింద మోసింది యాగ్నా.