రేగుచెట్టు పంచాంగం

భోగినాడు సాయంత్రం పిల్లల తలమీద పోసే భోగిపళ్ళలో చెరకుముక్కలు, బంతిపూల రేకులు, చిల్లర నాణేలు, నానబెట్టిన శనగలు ఏవి ఉన్నా లేకపోయినా రేగుపండ్లు ఉండి తీరాలి. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఈ పండుగ చేయబోయే ఇంటివారికి మొదటి చిక్కు అక్కడే వస్తుంది. భారతీయ సరుకుల దుకాణంలో దొరికితే సరే. దొరకకపోతే చైనా సరుకుల దుకాణంలో ‘జుజుబీ’ అని రాసి ఉన్న ఎర్రటి ఎండుపండ్ల పొట్లం కనిపిస్తుంది. రేగు అన్న మాటకు నిఘంటువులు ఇంగ్లీషులో ఇచ్చే అర్థమూ అదే కనుక పొట్లం ఇంటికి వస్తుంది. చూపుకు ఫరవాలేదనిపిస్తుంది కాని వాసన కుదరదు. పిల్లవాడికి ఆ తేడా పట్టదు; ఆ ఇంట్లో అమ్మమ్మ ఉంటే ఆమెకు పడుతుంది.

అమ్మమ్మ అనుమానం సరైనదే. అవి ఒకే ప్రజాతికి చెందిన రెండు వేర్వేరు జాతులు. పొట్లంలోది చైనా రేగు, జిజిఫస్ జుజుబా. భోగిపండు జిజిఫస్ మారిషియానా. ఆకు తిరగేసి చూస్తే ఏది ఏదో తెలిసిపోతుంది. రెండింటిలోనూ తొడిమ దగ్గర నుంచి మూడు ఈనెలు బయలుదేరుతాయి. మన రేగాకు అడుగుభాగం తెల్లని నూగుతో మెత్తగా ఉంటుంది. చైనా రేగాకు రెండువైపులా నున్నగా ఉంటుంది. అయితే వీటి మధ్య అసలు తేడా ఆకులో లేదు, కాలంలో ఉంది. చైనా రేగు చలికి ఆకు రాల్చి నిద్రపోతుంది, వసంతంలో చిగిర్చి వేసవి మొదట్లో పూస్తుంది, ఆగస్టు నుంచి అక్టోబరు లోపల పండుతుంది. మన రేగు ఎండకు ఆకు రాల్చి నిద్రపోతుంది, వానకు లేస్తుంది, చలిలో పండుతుంది. జనవరి నాటికి అమెరికాలో చైనా రేగు ఎండుపండుగా తప్ప దొరకకపోవడానికి కారణం ఇదే.

పేర్ల గందరగోళం ఇక్కడితో ఆగలేదు. యజుర్వేద వాఙ్మయంలోనే కువలం, కర్కంధువు, బదరం అని రేగులో మూడు రకాల ప్రస్తావన కనిపిస్తుంది. బదరీనాథ్ పేరులో ఉన్నది ఈ బదరి. అదే మాట సముద్రం దాటి మలయ్ భాషలో ‘బిదారా’ అయింది. మలేషియాలో ఈనాటికీ రేగును అలాగే పిలుస్తారు. లామార్క్ 1789లో ఈ చెట్టుకు మారిషస్ ద్వీపం పేరు పెట్టాడు. ఈ పేరు చూసి చెట్టు పుట్టిల్లు మారిషస్ అనుకోకూడదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో మరీ విడ్డూరం: అక్కడివారు మన రేగును చైనా ఆపిల్ అంటారు. తెలుగులో మాత్రం బంధువులకు విడివిడి పేర్లున్నాయి. నేలను అంటిపెట్టుకొని పొదగా పెరిగేది నేలరేగు, కొండ్రల్లో పాకే తీగలాంటిది పరికి, అడవిలో గట్టికాయలు కాసేది గొట్టి, పెద్దకాయ కాసే పెరటి రకం గంగరేగు. శబరి ఎంగిలి చేసి పెట్టినవి రేగుపండ్లేనని జనం చెప్పుకునే కథ వాల్మీకంలో లేదు. అక్కడ ఆమె పంపాతీరంలో సేకరించిన రకరకాల వన్యాహారాన్ని రాముడికి సమర్పిస్తుంది, అంతే. రేగుపండు ఆ కథలోకి తరవాత వచ్చి చేరింది. అడవిలో పేదవారి చేతికి అందే పండు ఏదని అడిగితే ఈ దేశంలో చాలామందికి మొదట తోచేది అదే కదా!

రేగు కరవును ఎలా తట్టుకుంటుందని అడిగితే వేరు లోతుకు పోతుందని చెప్పి ఊరుకోవడం పరిపాటి. వేరు లోతు నిజమే. మొక్క జానెడు ఎత్తు లేవకముందే తల్లివేరు దానికి ఎన్నో రెట్లు కిందికి దిగుతుంది. కాని వేరు ఒక్కటే చాలదు. రేగు ఎండతో పోరాడదు, తప్పుకుంటుంది. మార్చి వచ్చేసరికి ఆకులు పండుబారి రాలడం మొదలవుతుంది; ఏప్రిల్, మే నెలల్లో, అంటే నీరు ఎక్కువగా ఖర్చయ్యే రోజుల్లో, చెట్టుకు ఆకే ఉండదు. తొలకరితో కొత్త రెమ్మలు బయలుదేరుతాయి. ఆ రెమ్మల ఆకు పంగల్లోనే సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతాల్లో పసుపు-ఆకుపచ్చ రంగు పూలు గుత్తులుగా పూస్తాయి. వానలు వెనుకబట్టాక, నేలలో మిగిలిన తడితో కాయ ఊరుతుంది. ఎండలు ముదిరేలోపు పంట ముగిసి చెట్టు మళ్ళీ నిద్రకు సిద్ధమవుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం వంటి జిల్లాలో గట్లమీద ఎవరూ నీరు పోయని రేగు కాయడానికి రహస్యం ఇదే.

ఈ లెక్క ప్రాంతాన్ని బట్టి జరుగుతుంది. దక్షిణాదిలో కార్తీకం దాటితే పండ్లు మొదలవుతాయి; గుజరాత్, రాజస్థాన్‌లలో మరికొన్ని వారాలు ఆలస్యం; పంజాబ్, హర్యానాలలో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సాగుతుంది. సంక్రాంతికి రేగు నిండుగా దొరకడం దక్కను భాగ్యం. భోగికి పిల్లల తలమీద పడే పండు, ఆ తరవాత రథసప్తమినాడు జిల్లేడాకులతోపాటు పెద్దల తలమీదికి ఎక్కుతుంది. అప్పటికి చెట్టుమీద పంట చివరికి వస్తుంది. పండుగలు చెట్టు పంచాంగాన్ని అనుసరించాయి తప్ప చెట్టు పండుగలను అనుసరించలేదు.

సాగులో ముఖ్యమైన పనులన్నీ ఈ పంచాంగం నుంచే పుడతాయి. వాటిలో మొదటిది కత్తిరింపు. పూత వచ్చేది ఆ ఏటి కొత్త రెమ్మలమీదే కనుక పాత కొమ్మను ఎంత ముద్దు చేసినా ఫలితం లేదు. చెట్టు ఆకులు రాల్చి నిద్రలో ఉన్న వేసవిలోనే పోయిన ఏటి కొమ్మలను సగానికి అటూఇటూగా నరకాలి. మామిడికి అలవాటు పడిన రైతుకు ఈ పని చేయడానికి చేయి రాదు. అయితే నరకని రేగు రెండు మూడేళ్ళలో ముళ్ళకంపగా మారుతుంది. కాయ చిన్నదవుతుంది, కోయడానికి లోపలికి చేయి దూరదు. ఆకు పంగల దగ్గర జంటగా వచ్చే ముళ్ళలో ఒకటి నిటారుగా, మరొకటి కొక్కెంలా వెనక్కి వంగి ఉంటుంది. నిటారు ముల్లు గుచ్చుతుంది, వంకర ముల్లు పట్టుకొని వదలదు. పొలాలకు రేగుకంప వేసిన పూర్వులు ఆ రెండో ముల్లును నమ్ముకునే వేశారు.

రెండో పని అంటు. టెంకనుంచి పుట్టిన చెట్టు ఎలాంటి కాయ కాస్తుందో చెప్పలేము కనుక నాటు రేగు మొక్కమీద మంచి రకపు కన్ను కడతారు. వేరు మొక్కల కోసం టెంకలను ముందు ఉప్పునీటిలో వేస్తారు. లీటరు నీటికి 170, 180 గ్రాముల ఉప్పు కలిపితే తాలు టెంకలు తేలిపోతాయి, మునిగినవే పనికొస్తాయి. టెంకను జాగ్రత్తగా పగలగొట్టి లోపలి గింజ తీసి నాటితే వారం పది రోజుల్లో మొలుస్తుంది. పగలగొట్టకుండా నాటితే నెల దాటినా మొలవకపోవచ్చు. తల్లివేరు తెగితే మొక్క కోలుకోదు కనుక పొడవాటి పాలిథీన్ గొట్టాల్లో పెంచడమో, పొలంలోనే టెంక నాటి అక్కడే కన్ను కట్టడమో మేలు. ఈ రెండో పద్ధతి మెట్టప్రాంతాలకు ఎక్కువగా నప్పుతుంది. చెట్ల మధ్య ఎడం ఆరు నుంచి ఎనిమిది మీటర్లు.

పూత దగ్గర ఒక వింత ఉంది. ఒక్కో పువ్వులో పుప్పొడి రాలే వేళ, కీలాగ్రం పుప్పొడిని అందుకునే వేళ వేరువేరు. కొన్ని రకాలలో ఉదయం మగదశ, మధ్యాహ్నం తరవాత ఆడదశ. మరికొన్నింటిలో ఇది తలకిందులు. ఒకే రకం చెట్లతో తోట నింపితే అన్ని పూలూ ఒకేసారి ఇస్తాయి, ఒకేసారి అడుగుతాయి, ఇచ్చిపుచ్చుకోవడం కుదరదు. పైగా చాలా రకాలు తమ పుప్పొడితో తాము కట్టవు. అందుచేత తోటలో రెండు మూడు రకాలను కలిపి వేయడం అవసరం. మిగిలిన పని తేనెటీగలు, కందిరీగలు, ఈగలు చూసుకుంటాయి. పూల వాసన మనిషి ముక్కుకు అంత ఇంపుగా ఉండదు గాని ఈగలకు అభ్యంతరం లేదు.

శత్రువులలో ఇద్దరు ముఖ్యులు. పిందెమీద తెల్లని పొడిలా పరచుకునే బూడిద తెగులు ఒకటి. కాయలో గుడ్డు పెట్టే పండుఈగ రెండవది. చూడటానికి నిగనిగలాడే పండు కొరికితే లోపల పురుగు కనిపించేది దీనివల్లే. రాలిన కాయలను ఏరి నాశనం చేయడం, వేసవిలో చెట్టు కింద నేల తిరగేసి ప్యూపాలను ఎండకు పెట్టడం ఖర్చులేని వైద్యాలు.

1959లో ఏర్పడిన జోధ్‌పూర్‌లోని కేంద్ర శుష్కమండల పరిశోధన సంస్థ రేగుమీద దీర్ఘకాలం పని చేసింది. గోలా, సేబ్, ఉమ్రాన్ వంటి అంటురకాలు మెట్టరైతులకు ఆదాయాన్నిచ్చే పంటలయ్యాయి. పటాన్‌చెరులో ముఖ్యకార్యాలయం ఉన్న ఇక్రిశాట్ సంస్థ తన నైజర్ కేంద్రం ద్వారా గోలా వంటి భారతీయ రకాలను సహేల్ ప్రాంతానికి పరిచయం చేసింది. అక్కడ వాటికి ‘సహేల్ ఆపిల్’ అని పేరు. కొత్త చెట్టును తెచ్చి నేర్పవలసిన పని అక్కడ లేదు. ఊరి పొలిమేరల్లో తరతరాలుగా ఉన్న నాటు రేగుమీదే, హౌసా భాషలో ‘మగార్యా’ అనేదానిమీదే, అంటు కట్టవచ్చు. రేగు చరిత్రలో ఇది అందరికీ లాభించిన అధ్యాయం.

ఇటీవలి థాయ్ ఆపిల్ రేగు సంగతి అంత సూటిగా లేదు. నాటు రేగుపండు అయిదారు గ్రాములుంటే ఇది 50 దాటి 100 గ్రాముల దాకా తూగుతుంది. ముళ్ళు తక్కువ, త్వరగా కాపుకు వస్తుంది, కరకరలాడుతుంది. తెలంగాణ, ఆంధ్ర రైతులు దానివైపు మొగ్గడంలో తప్పు లేదు. కాని అంత బరువున్న కాయ నీరు అడుగుతుంది, ఎరువు అడుగుతుంది; గట్టుమీద ఎవరూ పట్టించుకోకుండా బతికిన చెట్టు డ్రిప్ గొట్టం కింద చంటిబిడ్డ అవుతుంది. రుచి కూడా వేరే. రేగువడియాలు పెట్టేవారికి ఇది బాగా తెలుసు. బాగా మగ్గి చర్మం ముడతలు పడిన నాటు పండ్లను, పచ్చిమిర్చి, బెల్లం, ఉప్పు, జీలకర్రతో కలిపి రోట్లో కచ్చాపచ్చాగా దంచి, బిళ్ళలుగా తట్టి ఎండబెడతారు. పులుపు, తీపి, వగరు కలిసిన ఆ గుజ్జు చిక్కగా ఉంటేనే బిళ్ళ నిలుస్తుంది. ఆపిల్ రేగు దంచితే నీరు కారుతుంది, పులుపు చాలదు.

నాటు రేగు విలువ వడియంతో ముగిసేది కాదు. పండులో సి విటమిన్ నారింజకన్నా ఎక్కువ. ఆకు మేకలకు మేత; రాజస్థాన్‌లో నేలరేగు ఆకును ఎండబెట్టి ‘పాలా’ పేరుతో పశువులకు నిలవ చేస్తారు. లక్క పురుగును పెంచే ముఖ్యమైన చెట్లలో మోదుగ, కుసుమలతోపాటు రేగు ఒకటి. అన్నిటికీ మించి, అంటుకట్టే ప్రతి మంచి రకానికీ వేరు ఇచ్చేది ఈ నాటు చెట్టే. గట్లు చదును చేసి, బంజర్లు ప్లాట్లుగా మార్చి, కంప స్థానంలో ఇనుప ముళ్ళతీగె వేశాక, ఆ టెంకలు ఏరుకొచ్చే చోట్లు తగ్గుతున్నాయి. ఆపిల్ రేగు తోట ఎంత పెద్దదైనా అందులోని చెట్లన్నీ ఒకే కన్ను ప్రతిరూపాలు. నాటు చెట్లలో ఏ రెండూ ఒకటి కావు. ఈ నష్టం మార్కెట్ ధరలో కనిపించదు.

విదేశాల్లో ఇంటి వెనుక రేగు పెంచాలనుకునేవారు ముందుగా తమ ఊరి చలిని చూసుకోవాలి. మన రేగు తేలికపాటి మంచును మాత్రమే ఓర్చుకుంటుంది. దక్షిణ ఫ్లోరిడా, హవాయి వంటి చోట్లకే అది తగినది. టెక్సస్‌లోనూ, ఇంకా చలిగల రాష్ట్రాల్లోనూ చైనా రేగే దిక్కు. మైనస్ 25 డిగ్రీల చలినైనా తట్టుకొనే ఆ చెట్టు మంచి రకాలను 1908లో ఫ్రాంక్ మేయర్ చైనానుంచి అమెరికా వ్యవసాయశాఖకు చేర్చాడు. లీ, లాంగ్ రకాలు ఇప్పటికీ నర్సరీల్లో దొరుకుతాయి. బ్రిటన్‌లో చలిని తట్టుకున్నా పండు పండటానికి కావలసిన వేసవి వేడి చాలదు. గల్ఫ్‌లో ఉన్నవారికి ఈ బెంగ లేదు. అక్కడి సిద్ర్ చెట్టు, జిజిఫస్ స్పైనా క్రిస్టి, రేగుకు దగ్గరి చుట్టం. దాని పండును నబ్‌క్ అంటారు, ఆకుపొడి నురగను తలంటుకు వాడతారు, ఆ పూల తేనెకు యెమెన్ ప్రసిద్ధి.

సామానులో టెంకలు దాచి తెచ్చుకోవాలన్న ఆలోచన మాత్రం మంచిది కాదు. మొక్కల దిగుమతి నిబంధనలు ఒక కారణం. ఇంకో కారణం ఉత్తర ఆస్ట్రేలియాలో కనిపిస్తుంది: అక్కడ పశువులు పండు తిని టెంకలను పచ్చికబయళ్ళంతా చల్లడంతో రేగు దుర్భేద్యమైన ముళ్ళపొదలుగా వ్యాపించి, ప్రభుత్వం నిర్మూలించవలసిన కలుపు మొక్కల జాబితాకెక్కింది.

నర్సరీలో అంటుమొక్క కొన్నవారు, అది చైనాదైనా మనదైనా, అంటు ముడి ఎక్కడుందో గుర్తుపెట్టుకోవాలి. ఆ ముడి కిందనుంచీ వేరునుంచీ ముళ్ళ రెమ్మలు వస్తూనే ఉంటాయి. అవి పైకొమ్మకన్నా వడిగా పెరుగుతాయి. చూసిన రోజునే తీసేయకపోతే రెండేళ్ళకు ఆ పెరట్లో మిగిలేది నాటు చెట్టే.