సున్నా వేరు... ‘తెలియదు’ వేరు!

కాలిఫోర్నియాలో ఓ కంప్యూటర్ భద్రతా నిపుణుడు 2016లో తన కారుకి సరదాగా ‘నల్’ అని నంబరు ప్లేటు తీసుకున్నాడు. ‘ఇక్కడ ఏ వివరమూ లేదు’ అని చెప్పడానికి ప్రోగ్రామర్లు వాడే మాట అది. దాన్ని చూసి జరిమానాల కంప్యూటర్ తికమకపడి తనని వదిలేస్తుందేమోనని చిన్న ఆశ. తీరా జరిగింది వేరు. ప్లేటు నంబరు నమోదుకాని కార్ల జరిమానాలన్నీ ఆయనకే రావడం మొదలైంది! మొత్తం 12 వేల డాలర్లు దాటింది. 2019లో లాస్‌వేగాస్‌లో జరిగిన డెఫ్‌కాన్ సదస్సులో ఆయనే ఈ సంగతి చెప్పాడు.

ఆబ్సెంట్‌కి ఎన్ని మార్కులు?

లెక్కల్లో సున్నా వచ్చిన పిల్లాడూ జ్వరమొచ్చి పరీక్షే రాయని పిల్లాడూ ఒకటి కాదు. అందుకే టీచరు ఒకరికి 0 వేసి, రెండోవారికి ‘ఆబ్సెంట్’ అని రాస్తారు. మరి అంకెలు మాత్రమే పట్టే కంప్యూటర్ గడిలో ఆబ్సెంట్‌ని ఎలా రాయాలి? నలుగురికి 60 చొప్పున వచ్చాయనుకుందాం. సగటు 60. రాని ఐదోవాడికి సున్నా వేస్తే అది 48కి పడిపోతుంది. పోనీ గుర్తుగా 999 వేసి, లెక్కలోంచి తీసేయడం మరిచిపోతే సగటు 247 దాటుతుంది! అందుకే ఖాళీకంటూ విడిగా ఓ గుర్తు కావాలి.

వంద కోట్ల డాలర్ల పొరపాటు

బ్రిటిష్ శాస్త్రవేత్త టోనీ హోర్ 1965లో ‘ఆల్గాల్ డబ్ల్యూ’ అనే భాషలో అలాంటి గుర్తు పెట్టారు. అదే నల్ రిఫరెన్స్. అమలుచేయడం తేలిక. చిక్కల్లా... గడి ఖాళీగా ఉందేమో చూసుకోకుండా వాడితే ప్రోగ్రాం మధ్యలోనే ఆగిపోతుంది. దాన్ని ‘నా వంద కోట్ల డాలర్ల పొరపాటు’ అని 2009లో ఆయనే చెప్పుకున్నారు.

స్విఫ్ట్, కోట్లిన్ లాంటి తరవాతి భాషలు ఇందుకో ఉపాయం వాడతాయి. ఖాళీగా ఉండే అవకాశమున్న డబ్బామీద ముందే ఆ చీటీ అంటిస్తాయి. ‘లోపల ఏమీ లేకపోతే ఏం చేయాలి?’ అన్నదానికి ప్రోగ్రామర్ జవాబు రాయందే ముందుకి కదలనివ్వవు.

మన పేర్లకీ తిప్పలే!

పాస్‌పోర్టులో పేరుకీ ఇంటిపేరుకీ విడివిడిగా గడులుంటాయి. పేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో అక్కడ ‘ఎఫ్ఎన్‌యూ’ అని వేస్తారు. ‘ఫస్ట్ నేమ్ అన్‌నోన్’... అంటే పేరు తెలియదని. అక్కడికెళ్లాక మిగతా కాగితాల్లోకీ అదే ఎక్కితే, ఖాళీకి పెట్టిన గుర్తే మనిషి పేరైపోతుంది. పాస్‌పోర్టుకి దరఖాస్తు చేసేటప్పుడే రెండు గడులూ నింపడం అందుకే మేలు!