అమ్ముగూడ నుంచి రోమ్ దాకా

తార్నాకలో చాయ్ తాగుతూ తులసీదాస్ బలరాం పేరెత్తితే "ఎవరాయన, సినిమా యాక్టరా?" అన్నాడు మా రూమ్మేటు. తప్పు వాడిది కాదు. మన క్యాంపస్‌కు ఉత్తరాన అమ్ముగూడలో 1936లో పుట్టిన ఫుట్‌బాల్ ఆటగాడాయన. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం కనిపెట్టి చేరదీశారు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఆడేనాటికి ఆయనకు 20 ఏళ్లు, అంటే నా వయసే! నేనింకా ప్రాక్టికల్ రికార్డే పూర్తిచెయ్యలేదు. అక్కడ మనది నాలుగో స్థానం.

"ఆటలు కూడు పెడ్తయారా?" అంటాడు మా నాయన, పొలం గట్టున నిలబడి. బలరాంకు పెట్టాయి, కానీ కొన్నాళ్లే. 1957లో కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌కు ఆడారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోళ్లు కొట్టారు (రెండు మ్యాచులూ ఓడామనుకోండి!). 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం.

1963లో ప్లూరసీ పట్టుకుంది. ఊపిరితిత్తుల మీది రెండు పొరలు వాచి ఒరుసుకుంటే గాలి పీల్చినప్పుడల్లా పోటే. ఇక పరుగెక్కడిది? 27 ఏళ్లకే పెద్ద ఆట ఆగింది, రైల్వే ఉద్యోగం మిగిలింది. బెంగాల్లోనే ఉండిపోయి 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు.

దసరా సెలవుల్లో నాయనకు ఇదంతా చెప్పాను. అంతా విని, "ఆ, రైల్వేల నౌకరైతే దొరికింది గదా" అన్నాడు.