ప్రమాణానికి ముందు ప్రయాణం

ఉన్నత విద్య కోసమో, ఉద్యోగం కోసమో కనీసం ఒక్కరైనా విదేశానికి తరలివెళ్ళని వీధి నేడు మన నగరాలలో అరుదు. అలా వెళ్ళినవారిలో పలువురు కొన్నేళ్ళకు ఆ దేశపు పౌరసత్వానికి దరఖాస్తు చేసుకొంటారు. దరఖాస్తుకూ పౌరసత్వానికీ నడుమ ఒక మజిలీ ఉన్నది. పరీక్ష ముగిసింది, అధికారి ఆమోదం తెలిపాడు, ప్రమాణ స్వీకారానికి మాత్రం ఇంకా పిలుపు రాలేదు. సరిగ్గా ఆ సమయంలో మూడవ దేశం నుండి మంచి ఉద్యోగం వస్తే ఆ మనిషి ఏమి చేయాలి? వెళ్ళవచ్చునా? వెళితే ఏమి కోల్పోతాడు? ఈ ప్రశ్నలకు కెనడా, అమెరికా చట్టాలు చెప్పే సమాధానాలు వేర్వేరు. ఆ భేదాన్ని విద్యార్థి మిత్రులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ప్రమాణానికి గల స్థానాన్ని గుర్తించాలి. కెనడాకు ప్రత్యేకమైన పౌరసత్వ చట్టం 1947 జనవరి 1న అమలులోకి వచ్చింది. రెండు రోజుల తరువాత ఒట్టావాలోని సుప్రీంకోర్టు భవనంలో జరిగిన తొలి ఉత్సవంలో నాటి ప్రధాని మెకంజీ కింగ్ మొదటి పౌరసత్వ పత్రాన్ని అందుకొన్నారు. నేటికీ అక్కడ పదునాలుగేళ్ళు నిండిన దరఖాస్తుదారులు సాధారణంగా ప్రమాణం చేస్తేనే పౌరులవుతారు. అమెరికాలో 1952 నాటి చట్టమూ అదే చెబుతుంది. మన 1955 పౌరసత్వ చట్టం సైతం భారత పౌరసత్వం కోరే విదేశీయుల చేత విధేయతా ప్రమాణం చేయిస్తుంది. కనుక దరఖాస్తు మంజూరైనంత మాత్రాన ఎవరూ పౌరులు కారు. ప్రమాణ వాక్యం పలికే క్షణం వరకూ మన హైదరాబాదు యువకుడు భారత పౌరుడే, ఆ దేశంలో శాశ్వత నివాసి మాత్రమే. అతని చేతిలో ఉన్నది భారత పాస్‌పోర్టే.

ఇక కెనడా పద్ధతిని చూద్దాం. దరఖాస్తు చేసిన నాటికి ముందరి అయిదేళ్ళలో 1,095 రోజులు ఆ దేశంలో భౌతికంగా నివసించి ఉండాలన్నది ముఖ్య నిబంధన. ఈ లెక్క దరఖాస్తు తేదీతో ముగుస్తుంది. తరువాత దేశం విడిచి గడిపిన రోజులు ఆ లెక్కను తగ్గించవు. పౌరుడైన పిమ్మట కెనడాలోనే నివసించే ఉద్దేశం ఉండాలని 2014లో ఒక సవరణ చేశారు గాని, 2017లో దానిని తొలగించారు. కాబట్టి ఉద్యోగానికై వెళ్ళడం నిషిద్ధం కాదు. అయితే రెండు షరతులు మిగిలి ఉన్నాయి. శాశ్వత నివాస హోదా నిలవాలంటే ప్రతి అయిదేళ్ళలో 730 రోజులు సాధారణంగా కెనడాలో ఉండాలి. ఆ హోదా పోతే పౌరసత్వపు దరఖాస్తూ నిలువదు. రెండవది, ప్రమాణం చేసేటప్పుడు మనిషి కెనడా గడ్డమీద ఉండాలి. 2020 నుండి వీడియో ద్వారా ప్రమాణం చేయించే ఏర్పాటు వచ్చినా ఈ నియమం మారలేదు. పిలుపు అందిన తరువాత తగిన కారణం చూపకుండా హాజరు కాకపోతే, దరఖాస్తును వదులుకొన్నట్లు అధికారులు పరిగణించవచ్చు.

అమెరికాలో వ్యవహారం ఇంతకంటె కఠినం. అక్కడ నివాసపు లెక్క దరఖాస్తుతో ఆగదు. దరఖాస్తు తేదీ నుండి పౌరసత్వం పొందే దినం వరకు నివాసం అవిచ్ఛిన్నంగా సాగాలని చట్టం కోరుతుంది. ఒకే విడతలో ఆరు నెలలకు మించి బయట ఉంటే నివాసం తెగినట్లు భావిస్తారు. తెగలేదని నిరూపించే భారం దరఖాస్తుదారునిదే. ఏడాది ఉంటే తెగినట్లే లెక్క. ఆరు నెలల లోపే తిరిగి వచ్చినా, కాపురం వేరే దేశానికి మార్చుకొన్నాడని తేలితే గ్రీన్‌కార్డుకే ముప్పు కలుగవచ్చు. ప్రమాణానికి పిలిచే నోటీసుతోపాటు ఒక ప్రశ్నావళి కూడా వస్తుంది. ఇంటర్వ్యూ తరువాత దేశం విడిచి వెళ్ళారా అన్నది అందులో ఒక ప్రశ్న. తగిన కారణం లేకుండా ఒకటికి మించి ఉత్సవాలకు రాకపోతే, పౌరసత్వం పట్ల ఆసక్తి విడిచినట్లు భావిస్తారు.

కొందరికి మినహాయింపు లేకపోలేదు. అమెరికా ప్రభుత్వం, గుర్తింపు పొందిన అమెరికన్ పరిశోధన సంస్థలు, విదేశ వాణిజ్యాన్ని పెంపొందించే అమెరికన్ కంపెనీలు మొదలైన వాటి పనిమీద వెళ్ళేవారు నివాసం తెగకుండా ముందుగా అనుమతి కోరవచ్చు. అందుకు గ్రీన్‌కార్డు పొందిన తరువాత ఏడాదిపాటు ఎడతెగకుండా అమెరికాలో ఉండి ఉండాలి. రీఎంట్రీ పర్మిట్ అనే మరొక పత్రం కూడా ఉన్నది. అది తిరిగి ప్రవేశించడానికి తోడ్పడుతుందే గాని, పౌరసత్వానికి కావలసిన నివాసాన్ని కాపాడదు. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం ప్రమాదకరం.

పిల్లల విషయం మరీ సున్నితమైనది. అమెరికాలో 2001 నుండి అమలులో ఉన్న చట్టం ప్రకారం తండ్రి గాని తల్లి గాని పౌరులైన వెంటనే, వారి సంరక్షణలో శాశ్వత నివాసులుగా అమెరికాలో నివసిస్తున్న పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలు తమంత తామే పౌరులవుతారు. కుటుంబమంతా విదేశానికి తరలిపోయి, తండ్రి ఒక్కడే ప్రమాణానికి తిరిగి వస్తే, ఆనాడు పిల్లలకు ఆ ఫలం దక్కదు. తన జీతం పెరిగిందని సంతోషించిన తండ్రి బిడ్డల హక్కును వాయిదా వేసినవాడవుతాడు.

ప్రమాణం చేసిన తరువాత కూడా చిక్కులుంటాయి. ఉదాహరణకు, టొరంటోలో స్థిరపడిన మన ఇంజనీరు ఒకడు దుబాయిలో ఉద్యోగంలో చేరి, మూడు రోజుల సెలవుపై ప్రమాణానికి వచ్చాడనుకొందాం. మన చట్టంలోని తొమ్మిదవ సెక్షను ప్రకారం ఇష్టపూర్వకంగా అన్యదేశ పౌరసత్వం స్వీకరించినవాడు భారత పౌరుడుగా ఉండడు. కాబట్టి వచ్చేటప్పుడు పనికివచ్చిన భారత పాస్‌పోర్టును వెళ్ళేటప్పుడు వాడరాదు. దానిని భారత అధికారులకు అప్పగించాలి. కెనడా పాస్‌పోర్టు కావాలంటే ముందు పౌరసత్వ పత్రం చేతికి రావాలి, ఆపైన దరఖాస్తు చేయాలి. దుబాయి నివాస అనుమతిలోని వివరాలనూ కొత్త పాస్‌పోర్టుకు అనుగుణంగా మార్పించుకోవాలి. మూడు రోజుల సెలవు ఇందుకు ఏ మూలకు?

మాతృదేశంతో బంధం మాత్రం పూర్తిగా తెగిపోదు. ఓ.సి.ఐ. పథకాన్ని 2006 జనవరిలో మన హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్ సభలలోనే ప్రారంభించారు. ఆ కార్డు గలవారు వీసా బాధ లేకుండా రావచ్చు, పోవచ్చు. ఓటు హక్కు మాత్రం ఉండదు. వ్యవసాయ భూమి కొనడానికీ వీలులేదు. కార్డు దానంతటదే రాదు, విడిగా దరఖాస్తు చేసుకోవాలి.

ఈ స్థితిలో ఉన్నవారు ముందుగా కొత్త యజమానిని చేరే తేదీని పొడిగించమని అడగడం మేలు. అది సాధ్యం కాకపోతే మారిన చిరునామాను పౌరసత్వ కార్యాలయానికి వెంటనే తెలియజేయాలి. రాకపోకల తేదీలను, ప్రయాణపు ఆధారాలను భద్రపరచాలి. ప్రమాణం తరువాత కొన్ని వారాలైనా అక్కడ ఉండగలిగేటట్లు సెలవు మాట్లాడుకోవాలి. అనుభవజ్ఞుడైన న్యాయవాదిని సంప్రదించాలి.

విద్యార్థి మిత్రులారా! రేపు మీలో కొందరికి ఈ మజిలీ ఎదురుకావచ్చు. జీతమెంత అని అడిగే ముందు, నా నివాసపు లెక్క ఎక్కడ ఆగుతుంది, పిలుపు వస్తే వారంలో చేరగలనా, నాతోపాటు ఎవరి హక్కు ముడిపడి ఉన్నది అని మూడు ప్రశ్నలు వేసుకోండి. వీటికి సమాధానం దొరికిన తరువాతనే టిక్కెట్టు కొనండి.