ఇండీ పాట: కెమెరా కంటే ముందు చూడాల్సింది కాగితం

గద్వాల కోట గోడల పక్కన, జూరాల ప్రాజెక్టు దగ్గర, సోమశిల రేవులో సెల్‌ఫోన్‌కు గింబల్ తగిలించి పాట తీసుకునే కుర్రాళ్లు ఇప్పుడు వింతేం కాదు. వాళ్లలో ముస్లిం ఇళ్ల పిల్లలూ ఉంటారు. ఏం చేస్తున్నావురా అంటే "ఇండీ సాంగ్ అమ్మీ" అని జవాబు. ఆ మాటకు అర్థం అమ్మీకి తెలియదు. నిజం చెప్పాలంటే చాలాసార్లు కొడుక్కీ తెలియదు.

ఇండీ అంటే ఇండియా కాదు, ఇండిపెండెంట్ అనే మాటను పొట్టి చేశారు. 1970ల చివర్లో బ్రిటన్‌లో పెద్ద రికార్డు కంపెనీల గడప తొక్కకుండా చిన్న సంస్థలు సొంతంగా రికార్డులు వేసి అమ్ముకోవడం మొదలుపెట్టాయి. లండన్‌లో 1976లో తెరిచిన 'రఫ్ ట్రేడ్' అనే దుకాణం రెండేళ్లకే రికార్డు కంపెనీ కూడా అయింది. మాంచెస్టర్ బ్యాండ్ 'ద స్మిత్స్' తొలి పాట 1983లో అక్కడి నుంచే వచ్చింది. అంటే ఇండీ అనేది మొదట రాగానికో తాళానికో పెట్టిన పేరు కాదు, వ్యాపారం చేసే పద్ధతికి పెట్టిన పేరు.

రూపం తర్వాత వచ్చింది. రెండు గిటార్లు, ఒక బేస్, డ్రమ్స్. గొంతు సినిమా పాటలోలాగా పైకి తేలదు, గిటార్ల మధ్య కాస్త మునిగినట్టు వినిపిస్తుంది. మాటల్లో ఒంటరితనం, అద్దె గది, పని దొరకని రోజులు. మంచి స్టూడియోకు డబ్బుల్లేక ఇంట్లో రికార్డు చేస్తే వచ్చిన గరగర కూడా వినేవాళ్లకు నచ్చింది. ఇప్పుడు డబ్బున్నవాళ్లు ఆ గరగరను కావాలని పెట్టించుకుంటున్నారు, అది వేరే సంగతి.

వీడియోల కథ కూడా ఇంతే. 1981లో అమెరికాలో ఎం టీవీ వచ్చాక పెద్ద కంపెనీలు వీడియోల మీద డబ్బు కుమ్మరించాయి. దానికి ఎదురు తిరిగినట్టుగా 'ద రీప్లేస్‌మెంట్స్' అనే బ్యాండ్ 1985లో ఒక వీడియో తీసింది. దాదాపు పాటంతా ఒక స్పీకర్ డబ్బానే కనిపిస్తుంది. హీరో లేడు, డ్యాన్స్ లేదు. 2006లో 'ఓకే గో' బ్యాండ్ నలుగురూ 8 ట్రెడ్‌మిల్స్ మీద ఆడుతూ ఒకే షాట్‌లో పాట తీశారు. దానికి గ్రామీ వచ్చింది.

తమాషా ఏంటంటే, ఆ వీడియోలు తీసేనాటికి ఈ రెండు బ్యాండ్లూ పెద్ద కంపెనీల్లోనే ఉన్నాయి. చూడటానికి ఇండీ, కాగితాల ప్రకారం కాదు. తర్వాత 'ఓకే గో' వీడియోలను వేరే సైట్లలో పెట్టుకునే వీలు లేకుండా కంపెనీ ఆపేసింది. బ్యాండ్ బహిరంగంగానే గొడవపడి 2010లో బయటికొచ్చి సొంత సంస్థ పెట్టుకుంది.

తెలుగులో ఈ దారిలో బాగా వినిపించిన పేరు హైదరాబాద్ 'చౌరస్తా' బ్యాండ్. అందులో పాడిన రామ్ మిరియాల తర్వాత 'జాతిరత్నాలు'లో 'చిట్టి' పాటతో సినిమాల్లోకి వెళ్లారు. మన దగ్గర ఇండీ అనేది చాలామందికి సినిమాకు ఎక్కే మెట్టు. పాలమూరు వైపు గిటార్ల కంటే జానపదమే ఎక్కువ. డ్రోన్‌తో పొలాలు, లంగా ఓణీలో నాయిక, వెనక గ్రూప్ డ్యాన్సర్లు, చివర్లో సబ్‌స్క్రైబ్ చేయమనే మాట. ఇది కూడా ఒక కట్టుబాటే, ఇందులో తప్పేం లేదు. అయితే ఆ పాట ఎవరిది?

నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్య 12 మెట్ల కిన్నెర కళాకారుడు. 2021లో 'భీమ్లా నాయక్' పాటలో పాడారు, 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన హైదరాబాద్ శివారులో కూలి పని చేస్తున్న దృశ్యం వార్తల్లోకి ఎక్కింది. పాట ఊరూరా మోగడం వేరు, నెలనెలా చేతికి డబ్బు రావడం వేరు.

ముస్లిం ఇళ్లలో ఇంకో ప్రశ్న ఉంది. సంగీతం తగునా అన్నదానిపై ఒక్కో ఇంట్లో ఒక్కో మాట. 'మియా భాయ్' పాటతో పేరు తెచ్చుకున్న హైదరాబాదీ ర్యాపర్ రుహాన్ అర్షద్ 2021లో మతపరమైన కారణం చెప్పి సంగీతం వదిలేస్తున్నట్టు ప్రకటించారు. ఇరవై ఏళ్లకు తీసిన వీడియో ముప్పై ఏళ్లకు వద్దనిపించొచ్చు. పెళ్లి సంబంధం వచ్చినప్పుడు అమ్మాయికీ, ఆమె ఇంటివాళ్లకూ అనిపించొచ్చు. ఛానెల్ సొంతమైతే ఒక నిమిషంలో తీసేయొచ్చు. హక్కులు ఇంకొకరికి రాసిచ్చి ఉంటే వాళ్లను బతిమాలుకోవాలి.

అందుకే సంతకానికి ముందు నాలుగు ముక్కలు తెలిసి ఉండాలి. చట్టం లెక్కలో పాట రాసినవాడి హక్కు వేరు, బాణీ కట్టినవాడిది వేరు, రికార్డు చేయించిన నిర్మాతది వేరు. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటా వదులుకుంటున్నామని నిర్మాతకు రాసిచ్చినా అది చెల్లదు. హక్కుల బదిలీ పత్రంలో గడువు రాయకపోతే 5 ఏళ్లుగా లెక్కిస్తారు, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. కాబట్టి "శాశ్వతంగా", "ప్రపంచమంతటా" అనే మాటలు కనబడితే పెన్ను పక్కన పెట్టి అబ్బాకో, తెలిసిన వకీలుకో చూపించాలి. 18 నిండని పిల్లలు చేసే సంతకం ఒప్పందంగా నిలవదు.

స్నేహితులు కలిసి తీసుకునే పాటకు కాగితమే ఉండదు, గొడవలు అక్కడే. ఖర్చు ఎవరు పెట్టారు, వాటా ఎంత అన్నది కనీసం వాట్సాప్‌లోనైనా రాసుకోవాలి. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయం మామూలుగా 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ దాటాకే మొదలవుతుంది. ఆ డబ్బు ఛానెల్‌కు కలిపిన యాడ్‌సెన్స్ ఖాతాకే వెళ్తుంది, వీడియోలో కనిపించిన ముఖం ఎవరిదైనా సరే.